మీ ప్రశ్న – రేడియో ఇంజనీరు జవాబు: ఊరి ఎఫ్‌ఎమ్‌తో విమానానికి ఏం ఇబ్బంది?

ప్రశ్న: సార్, మాది పాణ్యం దగ్గర పల్లెటూరు. ఆన్‌లైన్‌లో ఒక ఎఫ్‌ఎమ్ ట్రాన్స్‌మిటర్ కొన్నాను. డాబా మీద ఏరియల్ కట్టి రోజూ సాయంత్రం మార్కెట్ ధరలు, మా ఊరి అవ్వల పాటలు వినిపించాలని ఆశ. లైసెన్సు లేకుండా పెడితే విమానాలకు అడ్డొస్తుందని స్నేహితుడు భయపెడుతున్నాడు. ఓర్వకల్లు ఎయిర్‌పోర్టు మాకు ముప్పై కిలోమీటర్ల పైనే ఉంటుంది. మిషన్ చూస్తే అరచేతిలో పట్టేంత. పైగా తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టే చెప్పింది కదా?
– ఒక పాఠకుడు, నంద్యాల జిల్లా

జవాబు: బాబూ, మీ ఆశ చాలా మంచిది. కానీ ఆ మిషన్‌కు ఏరియల్ తగిలించకండి. మీ స్నేహితుడు చెప్పింది నిజం.

ముందు దూరం సంగతి. ఎయిర్‌పోర్టు ఎంత దూరంలో ఉందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు, విమానం ఎక్కడుందో చూడాలి. ఈ తరంగాలు దాదాపు చూపు మేరకే వెళ్తాయి. నేల మీద చెట్లు, ఇళ్లు, గుట్టలు అడ్డుపడతాయి కాబట్టి పక్క ఊళ్లోనే మీ స్టేషన్ సరిగా అందకపోవచ్చు. ఆకాశంలో ఆ అడ్డేమీ ఉండదు. 900 మీటర్ల ఎత్తులో ఉన్న విమానానికి సుమారు 120 కిలోమీటర్ల మేర నేల కనబడుతుంది. 10,000 మీటర్లలో అయితే 400 కిలోమీటర్లు దాటుతుంది. అంటే మీ డాబా దానికి ఎదురుగా ఉన్నట్టే.

ఇక బ్యాండ్ సంగతి. ఎఫ్‌ఎమ్ 108 మెగాహెర్ట్జ్ దగ్గర ఆగుతుంది. ఆ గోడకు అవతలే విమానాల ఇల్లు. 108 నుంచి 118 దాకా దారి చూపే సిగ్నళ్లు: రన్‌వే నడిగీతకు విమానం కుడికి జరిగిందా, ఎడమకు జరిగిందా అని పైలట్‌కు చూపే లోకలైజర్ అందులోనే పనిచేస్తుంది. 118 నుంచి 137 దాకా పైలట్లకూ, నేల మీద నుంచి విమానాలను నడిపించే కంట్రోలర్లకూ మధ్య మాటలు. మీ స్టేషన్‌ను 95లో పెడితే ఆ గోడ దాటదని మీరనుకోవచ్చు. మంచి ట్రాన్స్‌మిటర్ అయితే దాటదు, దాని చివర అక్కర్లేని సిగ్నళ్లను ఆపే ఫిల్టర్ ఉంటుంది. చవక కిట్‌లలో చాలాసార్లు ఖర్చు తగ్గించడానికి మొట్టమొదట ఎగరగొట్టేది దాన్నే. ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత సిగ్నల్ ఉందో గీతలుగా చూపే స్పెక్ట్రమ్ ఎనలైజర్ తెర మీద నాణ్యమైన మిషన్ ఒక్క నిటారు గీతలా కనబడుతుంది. ఫిల్టర్ లేనిదాన్ని పెడితే ఆ గీతకు అటూ ఇటూ పిచ్చిమొక్కల్లా గీతలు లేస్తాయి. వాటిలో ఏది 119లో పడుతుందో, ఏది 110లో పడుతుందో కట్టినవాడికే తెలియదు.

ఇంకొకటి ఉంది. దగ్గర్లో వేరే స్టేషన్ ఉంటే దాని సిగ్నల్ మీ ఏరియల్ ద్వారా మీ మిషన్‌లోకి దూరి అక్కడ కలిసి కొత్త ఫ్రీక్వెన్సీలను పుట్టిస్తుంది. మీది 107, అవతలిది 93.5 అనుకోండి. అలా పుట్టేవాటిలో ఒకటి ఇలా వస్తుంది: 107 రెట్టింపు 214, అందులోంచి 93.5 తీసేస్తే 120.5. ఇది కంట్రోలర్లు మాట్లాడుకునే చోటు.

నేను ఎయిర్‌పోర్టు కమ్యూనికేషన్స్ సెక్షన్‌లో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఒక రాత్రి దిగడానికి వస్తున్న పైలట్ ‘ఫ్రీక్వెన్సీలో పాట వస్తోంది’ అన్నాడు. టవర్‌లో హెడ్‌సెట్ పెట్టుకుని వింటే నాకు ఏమీ లేదు. పైన అతనికి మాత్రం భజన స్పష్టంగా వినబడుతోంది, దాని కింద కంట్రోలర్ చెప్పే ఎత్తు అంకెలు నలిగిపోతున్నాయి. ‘సే ఎగైన్, సే ఎగైన్’ అంటూ అడుగుతూనే ఉన్నాడు. వేరే ఫ్రీక్వెన్సీకి మార్చి దించారు. తీరా వెతికితే ఉత్సవం కోసం ఎవరో పెట్టిన ఇలాంటి మిషనే. పెట్టినవాళ్లు మంచివాళ్లు, పైన ఏం జరిగిందో వాళ్ల ఊహకు కూడా అందలేదు. ఆ టెన్షన్ నాకు ఇప్పటికీ గుర్తుంది కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

బ్రెజిల్‌లోని సావో పాలోలో ఇది ఏళ్ల తరబడి నడిచిన బాధ. కొంగోన్యాస్ ఎయిర్‌పోర్టు నగరం నడిబొడ్డున ఉంది. లైసెన్సు లేని స్టేషన్ల పాటలూ ప్రసంగాలూ పైలట్ల చెవిలో పడుతుండేవి. అక్కడ 1998లోనే స్థానికులే నడుపుకునే 25 వాట్ల కమ్యూనిటీ రేడియోకు చట్టం చేశారు. అయినా లైసెన్సు లేకుండా నడిపేవాళ్లు ఆగలేదు.

సుప్రీంకోర్టు మాట నిజమే, 1995 తీర్పు అది. తరంగాలు ప్రజల ఆస్తి అన్న ఆ తీర్పే, వాటి వాడకాన్ని ప్రజల మేలు కోసం ఒక ప్రజాసంస్థ నియంత్రించాలని కూడా అంది. ఆ రెండో భాగాన్ని ఎవరూ గుర్తుచేయరు.

మీకు దగ్గరి ఉదాహరణలు రెండు. ఓర్వకల్లులోనే పొదుపు సంఘాల మహిళలు 2002లో ‘మన రేడియో’ పెట్టారు. లైసెన్సు లేదని 2003లో మూయించారు. ఆ ఓర్వకల్లులోనే 2021 నుంచి విమానాలు దిగుతున్నాయి. ఇటు జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో డీడీఎస్ (డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ) అనే స్వచ్ఛంద సంస్థ మహిళలకు 1990ల చివరికే స్టూడియో తయారైంది. లైసెన్సు వచ్చేదాకా కార్యక్రమాలు క్యాసెట్లలో రికార్డు చేసుకుని సంఘాల్లో వినిపించుకున్నారు. 2008లో 90.4 మీద సంగం రేడియో గాలిలోకి వెళ్లింది. అంతకాలం ఆపిన ప్రభుత్వాల మీద నాకు కోపమే. ఆ మహిళల ఓపిక మీద గౌరవం అంతకంటే ఎక్కువ.

ఒక్కడిగా మీకు లైసెన్సు రాదు. కనీసం మూడేళ్ల కిందట రిజిస్టరైన స్వచ్ఛంద సంస్థ, కృషి విజ్ఞాన కేంద్రం, కాలేజీ లాంటివాళ్లతో కలిసి కేంద్ర సమాచార ప్రసార శాఖకు దరఖాస్తు పెట్టించండి. అది వచ్చేలోగా అవ్వల పాటలు ఫోన్‌లో రికార్డు చేసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టండి.

ప్రశ్న: ఎఫ్‌ఎమ్ అంత స్పష్టంగా ఉంటుంది కదా, పైలట్లు ఇంకా గరగరలాడే ఏఎమ్ అనే పాత రేడియో పద్ధతిలోనే ఎందుకు మాట్లాడతారు?
– ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: ఎఫ్‌ఎమ్‌లో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే బలమైన గొంతు బలహీనమైనదాన్ని పూర్తిగా మింగేస్తుంది. రెండోవాడు పిలిచాడన్న సంగతే తెలియదు. ఏఎమ్‌లో ఇద్దరూ కలిస్తే కీచుమని ఈల వస్తుంది. కంట్రోలర్ వెంటనే ‘ఇద్దరు పిలిచారు, మళ్లీ చెప్పండి’ అంటాడు. ప్రమాదంలో ఉన్న విమానం గొంతు ఎంత బలహీనంగా ఉన్నా కనీసం ఆ ఈలగానైనా వినబడాలమ్మా.