కారు రిపేరుకు లోన్ యాప్‌లో అప్పు తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది 14 ఏళ్ల పెట్రోల్ కారు. నాలుగు నెలల కిందట చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్లు చదివే బ్లూటూత్ స్కానర్ కొని చూస్తే పీ0302 అని వచ్చింది. క్లియర్ కొడితే లైటు పోయింది. వారానికో పది రోజులకో మళ్లీ వస్తుంటే మళ్లీ క్లియర్ చేస్తూ వచ్చాను. ఇప్పుడు లైటు ఆరుతూ వెలుగుతోంది, కారు కుదుపులతో నడుస్తోంది, పీ0420 కూడా తోడైంది. కాయిల్, ప్లగ్గులు, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ అన్నీ మార్చాలని మెకానిక్ ఇచ్చిన ఎస్టిమేట్ నా నెల జీతాన్ని దాటింది. పొదుపు ఖాతాలో ఏమీ లేదు, నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో మాత్రం వేస్తున్నాను. లోన్ యాప్‌లో తీసుకోవాలా, క్రెడిట్ కార్డు మీద నగదు తీయాలా? లేక కోడ్లు క్లియర్ చేసి ఈ కారు అమ్మేసి, లోన్‌తో కొత్తది కొనాలా?

జవాబు: మొదటి రెండూ వద్దు. మూడోది అసలే వద్దు.

కారు బదులు ఫ్రిజ్ కావచ్చు, పన్ను నొప్పి కావచ్చు. చిన్నగా ఉన్నప్పుడు చేతిలో డబ్బు లేదని వాయిదా వేసి, ముదిరాక అప్పు కోసం పరుగెత్తే వాళ్ల ఉత్తరాలు నాకు వస్తూనే ఉంటాయి. మీది కూడా అదే కథ.

పీ0302 అంటే రెండో సిలిండర్‌లో మిస్‌ఫైర్, అంటే అక్కడ పెట్రోల్ సరిగా మండటం లేదని. చాలాసార్లు ఇది నిప్పురవ్వ పుట్టించే ఒక ప్లగ్గుతోనో, దానికి కరెంటు అందించే ఒక కాయిల్‌తోనో తేలిపోయే పని. మీరు క్లియర్ నొక్కినప్పుడల్లా చెరిగింది కంప్యూటర్ జ్ఞాపకం మాత్రమే. దాంతోపాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోయింది. కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ ఎంత వేగంతో తిరుగుతోంది, ఎంత వేడిగా ఉంది, ఎంత భారం మీద ఉంది అన్న వివరాలు అందులోనే ఉంటాయి. అంటే మెకానిక్‌కి పనికొచ్చే ఆధారాన్ని మీ చేతులతో మీరే తుడిచేశారు. ఈలోగా ఆ సిలిండర్‌లో మండని పెట్రోల్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది. కన్వర్టర్ అతిగా వేడెక్కి పాడయ్యేది అలాగే. లైటు ఆరుతూ వెలగడం ఇచ్చే హెచ్చరిక ఇదే, కాబట్టి ఈ స్థితిలో కారు తీయకండి.

ఇక ఎస్టిమేట్. దాన్ని రెండు ముక్కలు చేయించండి. ముందు మిస్‌ఫైర్ సంగతి తేల్చాలి. కాయిల్ మీద అనుమానం ఉంటే, ప్రతి సిలిండర్‌కూ విడి కాయిల్ ఉన్న ఇంజిన్‌లో రెండో దాన్ని మూడో దాని చోట పెట్టి చూడమనండి. కోడ్ పీ0303గా మారితే తప్పు కాయిల్‌దే. మారకపోతే ప్లగ్గు, ఇంజెక్టర్, కంప్రెషన్ చూడాలి. అది సరయ్యాక కొన్నాళ్లు నడిపి పీ0420 తిరిగొస్తుందేమో చూడండి. కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదని కంప్యూటర్ అనుమానిస్తోందని ఆ కోడ్‌కి అర్థం. కన్వర్టర్ మార్చి తీరాలని దానర్థం కాదు. కన్వర్టర్ వెనకున్న సెన్సర్‌కి ముందు పొగ గొట్టం లీకైనా అదే కోడ్ పడొచ్చు. అసలు బిల్లు ఎంతో తేలకుండానే మీరు అప్పు ఎక్కడ దొరుకుతుందా అని వెతుకుతున్నారు!

మొదటి ముక్క ఈ నెల జీతంలోంచే కట్టేయండి. ఫండ్‌లో వేసేది ఆపండి. అవును, ఆపమనే చెబుతున్నాను. అత్యవసర నిధి లేకుండా పెట్టుబడి పెట్టడం, ప్లగ్గు పాడైన ఇంజిన్‌లో ఖరీదైన ఆయిల్ పోయడం లాంటిది. కన్వర్టర్ నిజంగానే పోయిందని తేలితే ఆ ఫండ్‌లోంచి కొంత తీసి కట్టండి. రాబడి తగ్గుతుందని బాధపడకండి, యాప్ వడ్డీని మించిన రాబడి ఏ ఫండూ హామీ ఇవ్వదు.

తర్వాత కనీసం మూడు నెలల ఇంటి ఖర్చు జమయ్యేదాకా ఫండ్ వైపు చూడొద్దు. ఆ డబ్బు వేరే ఖాతాలో, ఏటీఎం కార్డు జేబులో లేకుండా ఉండాలి. ఆ నిధి నిండాక, ఇంత పాత కారున్న వాళ్లు బండి కోసం ఇంకో చిన్న మొత్తం విడిగా పక్కన పెట్టాలి. 14 ఏళ్ల కారుకు రిపేరు రావడం అనుకోని ఖర్చు కాదు కదా! ఎప్పుడొస్తుందో తెలియదు, అంతే. నాలుగు నెలల కిందట ఒక్క కాయిల్ ఖరీదు చేతిలో ఉంటే మీరు క్లియర్ బటన్ నొక్కేవాళ్లా?

లోన్ యాప్ సంగతి ఓపిగ్గా చెప్పడం నా వల్ల కాదు. చాలా యాప్‌లు ఫీజు ముందే కోసుకుని మిగిలింది చేతిలో పెడతాయి, వడ్డీ మాత్రం మొత్తానికీ. కార్డు మీద తీసిన నగదుకు తీసిన రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. పైగా నెలనెలా మినిమం డ్యూ కట్టి ఊరుకుంటారు, అదీ కోడ్ క్లియర్ చేయడం లాంటిదే. మరీ గతిలేకపోతే ఆఫీసులో జీతం అడ్వాన్స్ అడగండి. మామూలు వాహన బీమా ఇలాంటి అరుగుదలకు డబ్బివ్వదు, దాని మీద ఆశ పెట్టుకోకండి.

కోడ్లు చెరిపి అమ్మేద్దామన్న ఆలోచన మోసం. పైగా దొరికిపోతారు. క్లియర్ చేయగానే కారు తనను తాను చేసుకున్న పరీక్షల ఫలితాలు కూడా చెరిగిపోతాయి. కొనేవాడి దగ్గర మీకున్నలాంటి స్కానరే ఉంటే, చాలా పరీక్షలు పూర్తి కాలేదని అందులో కనిపిస్తుంది. కొత్త కారు ఈఎంఐ గురించి అత్యవసర నిధి నిండాక రాయండి, అప్పుడు మాట్లాడదాం.

స్కానర్ మంచిదే, పారేయకండి. ఈసారి లైటు వెలిగితే కోడ్, ఫ్రీజ్ ఫ్రేమ్ అంకెలు, తేదీ కాగితం మీద రాసుకుని ఆ కాగితం మెకానిక్ చేతికివ్వండి. క్లియర్ బటన్ రిపేరు అయ్యాకే నొక్కండి.