మెయిన్ ట్యాంకు, మొక్కల ట్యాంకు, ఒకే సంప్: మొక్కల కంటే ముందు కరెంటు పోయినప్పటి లెక్క వేయండి

మీరు 120 సెం.మీ. పగడాల ట్యాంకు పక్కన 90 సెం.మీ. మొక్కల ఉప్పునీటి ట్యాంకు పెట్టి, రెండింటినీ కింద ఒకే సంప్‌కి (ఫిల్టర్లు, పంపులు ఉండే కింది ట్యాంకు) కలపాలనుకుంటున్నానని, అందులో ఏ మొక్కలు బాగుంటాయని అడిగారు. మొక్కల సంగతి చివర్లో చెప్తాను. ఇలాంటి ఏర్పాటు చెడిపోయేది మొక్కల వల్ల చాలా అరుదు. పైపుల వల్లే చెడుతుంది. ఫొటోలు పెట్టేవాళ్లంతా ఎర్ర నాచు, పచ్చగడ్డి, గుర్రపు చేపలు చూపిస్తారు గానీ, స్టాండు తలుపు తెరిచి కింద పైపులు ఎలా వెళ్తున్నాయో చూపించరు. కొత్తవాళ్లకు కావలసింది ఆ ఫొటోనే.

మొదటి మాట: రెండు ట్యాంకుల్నీ నేరుగా ఒకదానికొకటి కలపొద్దు. ఒకే ఎత్తులో ఉన్న ట్యాంకుల మధ్య తలకిందుల U పైపుతో సైఫన్ (పంపు లేకుండా నీరు తానే పారే పైపు) పెడితే, దాని పైభాగంలో గాలి బుడగలు చేరి ఒక రోజు సైఫన్ తెగుతుంది. పంపు మాత్రం ఒక వైపు నీళ్లు పోస్తూనే ఉంటుంది. ప్రతి ట్యాంకుకీ సొంత ఓవర్‌ఫ్లో (పైమట్టం నీరు పొర్లి పడే పెట్టె), సంప్‌లోకి సొంత డ్రెయిన్, సంప్ నుంచి పైకి నీరు తెచ్చే సొంత రిటర్న్ లైను ఉండాలి. అప్పుడు ఏ ట్యాంకునైనా వాల్వ్ తిప్పి విడదీయొచ్చు. తర్వాత చెప్పే అత్యవసర పైపు తప్ప, ప్రతి లైనులో ఒక యూనియన్ (విప్పి బిగించే జాయింటు), ఒక వాల్వ్ తప్పకుండా పెట్టించండి.

మొక్కల ట్యాంకును మెయిన్ ట్యాంకు కంటే ఎత్తులో పెట్టి, కోపెపాడ్లు (చేపలు తినే అతి చిన్న రొయ్య జాతి జీవులు) పంపు రెక్కల్లో పడకుండా నేరుగా చేపల మీదికి జారేలా చేయమని చాలామంది చెప్తారు. చిన్న పెట్టెకైతే సరే. 90×45×45 ట్యాంకు నిండితే 180 లీటర్లు. అడుగున 15 సెం.మీ. ఇసుక వేస్తే అదొక్కటే 60 లీటర్ల చోటు, దాదాపు 100 కిలోలు. అంత బరువును తల ఎత్తుకి లేపి, దానిమీద లైట్లు వేలాడదీసి, గడ్డి కత్తిరించడానికి స్టూలెక్కడం ఎవరికీ సాగదు. కోపెపాడ్లు చాలా చిన్నవి, పంపులోంచి చాలావరకు బతికే వెళ్తాయి. వాటిని నిజంగా ఆపేవి ఫిల్టర్ సాక్ (నీటిలోని చెత్తను పట్టే గుడ్డ సంచి), యూవీ దీపం. అందుకే మొక్కల ట్యాంకు డ్రెయిన్‌ని సాక్‌లోకి వదలకుండా నేరుగా రిటర్న్ గదిలోకి దించండి. మెయిన్ ట్యాంకు డ్రెయిన్ సాక్‌లోకీ, స్కిమ్మర్ (నురగతో మురికిని తీసే యంత్రం) గదిలోకీ వెళ్లాలి. యూవీ పెట్టాలనుకుంటే సాక్ తర్వాత, రిటర్న్ గదికి ముందు, మెయిన్ ట్యాంకు నీటి దారిలోనే పెట్టండి.

ఇప్పుడు కరెంటు పోయిందనుకోండి. పంపులు ఆగుతాయి. రెండు ట్యాంకుల్లోనూ ఓవర్‌ఫ్లో అంచుకు పైనున్న నీరంతా కిందికి దిగుతుంది. అది ఆగాక కూడా రిటర్న్ నాజిల్ (రిటర్న్ పైపు చివరి మూతి) నీళ్లలో మునిగి ఉంటే, అదే పైపు వెనక్కి సైఫన్ అయి, నాజిల్ బయటపడే దాకా లాగుతుంది. మీ మెయిన్ ట్యాంకు 120×50, అంటే 1 సెం.మీ. నీరు తగ్గితే 6 లీటర్లు. మొక్కల ట్యాంకులో 1 సెం.మీ.కి 4 లీటర్లు. రెండింట్లోనూ నాజిల్ నీటిమట్టానికి 2.5 సెం.మీ. లోతులో ఉంటే 15, 10 కలిపి 25 లీటర్లు. ఓవర్‌ఫ్లో పెట్టెల్లోదీ పైపుల్లోదీ మరో 10. మొత్తం 35 లీటర్లు రెండు మూడు నిమిషాల్లో సంప్‌లోకి వచ్చి పడతాయి. 90×40 సంప్‌లో 1 సెం.మీ.కి 3.6 లీటర్లు, అంటే మట్టం 10 సెం.మీ. పైకి లేస్తుంది. మామూలుగా నడిచేటప్పుడు సంప్ పైన 13 సెం.మీ. ఖాళీ ఉంచితే చాలు. అదే మెయిన్ ట్యాంకు నాజిల్‌ని 10 సెం.మీ. లోతులో పెట్టారంటే ఆ ట్యాంకు నుంచే 60 లీటర్లు దిగుతాయి. సంప్ పొంగుతుంది.

చెక్ వాల్వ్ (నీరు వెనక్కి రాకుండా ఆపే వాల్వ్) ఉందిగా అంటారు. ఉప్పునీటిలో దాన్ని నమ్మొద్దు. సున్నపు గొట్టాల పురుగులు, చిన్న నత్తలు, గులాబీ రంగు సున్నపు నాచు దాని నాలుక మీద పెరిగి, కొన్ని నెలలకే సరిగా మూసుకోదు. సైఫన్ తెంపడానికి రిటర్న్ పైపు మీద నీటిమట్టానికి కాస్త కింద వేసే చిన్న రంధ్రం కూడా అలాగే పూడిపోతుంది. నాజిల్ ఎత్తు సరిగ్గా పెట్టడమే అసలు రక్షణ, మిగతావన్నీ అదనం.

కరెంటు తిరిగి వచ్చినప్పుడు ఇంకా జాగ్రత్తగా చూడాలి. ప్రవాహం ఆగినంతసేపూ తెగిన నాచు ముక్కలు, రాలిన గడ్డి ఆకులు పైకి తేలి అక్కడక్కడే తిరుగుతుంటాయి. పంపు మొదలవగానే అన్నీ ఒక్కసారిగా ఓవర్‌ఫ్లో దువ్వెన (పెట్టె ముందుండే పళ్ల జాలీ) దగ్గరికి చేరతాయి. మామూలు పగడాల ట్యాంకులో ఈ బెడద దాదాపు ఉండదు, మొక్కల ట్యాంకులో ప్రతిసారీ ఉంటుంది. దువ్వెన మూసుకుంటే మట్టం లేస్తుంది. అందుకే దువ్వెన పళ్ల పైఅంచు ట్యాంకు అంచు కంటే కనీసం 2 సెం.మీ. కిందుండాలి. అప్పుడు నీరు పళ్ల మీదుగా పొర్లి ఓవర్‌ఫ్లో పెట్టెలోనే పడుతుంది, నేల మీదికి పోదు. పెట్టెలో మొదటి డ్రెయిన్ మూసుకుంటే నీటిని దించే అత్యవసర పైపు ఎప్పుడూ పొడిగా, మొదటి పైపు అంతే లావుగా, వాల్వ్ లేకుండా ఉండాలి.

ఆ రెండు పైపులూ మూసుకుంటే? రిటర్న్ గదిలో ఎంత నీరుంటే అంతా మొక్కల ట్యాంకులోకి ఎక్కుతుంది. మీ రిటర్న్ గది 30×40 అనుకుందాం, 1 సెం.మీ.కి 1.2 లీటర్లు. పంపు నోటికి పైన 20 సెం.మీ. నీరుంటే 24 లీటర్లు. మొక్కల ట్యాంకులో నీటిమట్టం నుంచి అంచుదాకా 4 సెం.మీ. ఉంటే పట్టేది 16 లీటర్లే. మిగతా 8 నేల మీదికి. దీనికి విరుగుడు తేలిక: రెండు ట్యాంకులకూ రెండు వేర్వేరు పంపులు పెట్టి, మొక్కల ట్యాంకు పంపుని గది అడుగున 8 సెం.మీ. ఎత్తు దిమ్మె మీద కూర్చోబెట్టండి. 12 సెం.మీ. దిగగానే, అంటే 14 లీటర్లు వెళ్లగానే అది గాలి పీల్చి ఆగిపోతుంది. ట్యాంకు అంచు దాటదు. నీళ్లు లేకపోతే తానే ఆగే డీసీ పంపు తీసుకోండి, లేకపోతే ఫ్లోట్ స్విచ్ కట్టండి.

ఇక్కడే ఆటో టాప్ ఆఫ్ (ఆవిరైన నీటికి బదులు మంచినీళ్లు తానే పోసే యంత్రం) మీద ఒక కన్నుండాలి. పైన డ్రెయిన్ మూసుకుని రిటర్న్ గదిలో మట్టం పడిపోతుంటే, ఆ యంత్రం దాన్ని ఆవిరైన నీరనుకుని మంచినీళ్లు పోస్తూనే ఉంటుంది. పైన ఉప్పునీరు పొర్లుతుంది, కింద మంచినీరు చేరుతుంది. మీ మొత్తం వ్యవస్థలో నికరంగా 460 లీటర్లుంటే, 20 లీటర్లు ఇలా మారిపోయేసరికి లవణీయత 35 నుంచి 33.5కి పడుతుంది. ఒకే విడతలో కొన్ని నిమిషాలకు మించి నడవకుండా సమయ పరిమితి ఉన్న యంత్రమే కొనండి. మంచినీళ్ల డబ్బా 20 లీటర్లకు మించనివ్వకండి. మూడు పెట్టెల పైతలాలు కలిపితే రోజుకు 5 లీటర్ల ఆవిరి మామూలే, అదంతా రిటర్న్ గదిలోనే కనిపిస్తుంది. యంత్రం చెడితే ఆ గది రోజుకు 4 సెం.మీ. చొప్పున తగ్గుతుంది.

ప్రవాహం లెక్కలు చిన్నవే. మెయిన్ ట్యాంకుకు గంటకు 1000 నుంచి 1200 లీటర్లు, మొక్కల ట్యాంకుకు 400 నుంచి 500. కదలికంతా వేవ్‌మేకర్లు (ట్యాంకు లోపల నీటిని కదిలించే పంపులు) చూసుకుంటాయి. 1.5 మీటర్ల ఎత్తుకు ఎక్కేసరికి చాలా పంపుల ప్రవాహం బాగా తగ్గిపోతుంది, పెట్టె మీద రాసిన అంకె చూసి కొనకండి. మెయిన్ ట్యాంకుకు గేట్ వాల్వ్‌తో పూర్తి సైఫన్ డ్రెయిన్ (పైపులో గాలి లేకుండా నీరు నిండుగా దిగేది) పెట్టండి, అందులో హెర్బీ రకమైనా బీన్ యానిమల్ రకమైనా నిశ్శబ్దంగా నడుస్తుంది. మొక్కల ట్యాంకుకు మాత్రం అది వద్దు. గంటకు 500 లీటర్లకు సైఫన్ నిలవాలంటే వాల్వ్‌ని సన్నని చీలికంత దాకా మూయాలి, ఒక్క నాచు పోగు చాలు దాన్ని పూడ్చడానికి. అక్కడ 1 అంగుళం డర్సో పైపు (గాలీ నీరూ కలిసి దిగే మామూలు డ్రెయిన్), పక్కన 1 అంగుళం అత్యవసర పైపు. అంత తక్కువ ప్రవాహానికి డర్సో చప్పుడు చేయదు.

ఇక మొక్కలు. నాచుకి వేర్లుండవు, రాయి మీదో ఇసుక మీదో పట్టుకుంటుంది. సముద్రపు గడ్డికి నిజమైన వేర్లుంటాయి, ఇసుకలోంచి తింటుంది. రెండూ ఒకే ట్యాంకులో ఉండొచ్చు, కానీ గడ్డి కావాలంటే మొదటి రోజే ఇసుక లోతు తేల్చుకోవాలి. సముద్రపు గడ్డి రకాల్లో చిన్నదైన హాలోఫిలాకి 6 నుంచి 8 సెం.మీ. చాలు. పెద్దదైన తలాసియాకి 15 ఉండాలి. 0.5 నుంచి 1 మి.మీ. రేణువుల అరగొనైట్ (సున్నపు) ఇసుక వేసి, పురుగులూ చిన్న నత్తలూ స్థిరపడే దాకా రెండు నెలలు ఆగి, అప్పుడు నాటండి. ఇసుక దగ్గర 150 నుంచి 200 పార్ (మొక్కలకు పనికొచ్చే వెలుగు కొలత) వెలుగు అందాలి. నాటిన కొత్తలో ఆకులు గోధుమరంగుకి తిరిగి రాలడం మామూలే. కింద కాండం గట్టిగా, తెల్లగా ఉన్నంతవరకు పీకి చూడకండి. చాలా గడ్డి చచ్చేది ఇలా పీకి చూడటం వల్లే. లోతైన ఇసుకని కలపడం కూడా వద్దు, అడుగున సల్ఫైడ్ అనే విషం ఉంటుంది.

నాచుల్లో గ్రాసిలేరియా, బోట్రియోక్లాడియా ఎర్రగా అందంగా ఉంటాయి, నెమ్మదిగా పెరుగుతాయి. హాలిమెడా పచ్చని బిళ్లల దండలా ఉంటుంది, కానీ సున్నంతోనే ఒళ్లు కట్టుకుంటుంది కాబట్టి కాల్షియం, ఆల్కలినిటీ వాడకం పెరుగుతుంది. కాల్షియం 420 పీపీఎం, ఆల్కలినిటీ 8 నుంచి 9 డీకేహెచ్ (ఆల్కలినిటీ కొలమానం) దగ్గర నిలిచేలా డోసింగ్ (వీటిని నీటిలో కలిపే మోతాదు) సర్దుకోండి. కాలెర్పా చాలా అందంగా పాకుతుంది, పెట్టొద్దనను. అయితే అది ఒక్కోసారి రాత్రికి రాత్రే గాజులా పాలిపోయి, తనలోని సారమంతా నీళ్లలోకి వదిలేస్తుంది. నీరు పచ్చగా, పాలలా మసకబారుతుంది, ఆక్సిజన్ పడిపోతుంది. వాల్వ్‌లు పెట్టమన్నది ఇందుకే. వెంటనే ఆ ట్యాంకుని విడదీసి, పాలిపోయినదంతా తీసేసి, యాక్టివేటెడ్ కార్బన్ వేసి, ఆ ట్యాంకు నీళ్లలో మూడో వంతు మార్చండి. విడదీసిన ట్యాంకులో సొంత హీటరు, వేవ్‌మేకరు లేకపోతే ఆ వాల్వ్‌కి అర్థం లేదు. కోసేటప్పుడు ముక్కలు చేయకుండా తీగ మొత్తాన్ని లాగండి. కోసినదాన్ని కాలవలోకి పారేయొద్దు, ఎండబెట్టి చెత్తలో వేయండి. కాలెర్పా టాక్సిఫోలియా 1984లో మొనాకో తీరంలో కనబడి మధ్యధరా సముద్రంలో చాలాచోట్లకు పాకింది. 2000లో కాలిఫోర్నియాలోని ఒక సముద్రపు మడుగులో దొరికితే, పూర్తిగా పోయిందని తేల్చడానికి 2006 దాకా పట్టింది.

మడ మొక్కలు నైట్రేట్ తగ్గిస్తాయని అమ్మేవాళ్లు గట్టిగా చెప్తారు. ఇంట్లో పట్టే నాలుగైదు మొక్కలు నెలకు ఒకటి రెండు ఆకులు వేసి నైట్రేట్‌ని పెద్దగా తగ్గించవు. అందం కోసం పెట్టుకోండి. నైట్రేట్ తగ్గించే పని చీటోమార్ఫా (చీటో, పీచు ముద్దలా పెరిగే పచ్చ నాచు) చేస్తుంది, దాని చోటు కింద సంప్‌లో. అయితే స్కిమ్మర్, ఫాస్ఫేట్ తీసే రేణువులు, కింద చీటో ముద్ద అన్నీ కలిసి నీటిని కడిగేస్తే, పైన మీరు ముచ్చటపడి నాటినవి ఆకలితో కరిగిపోతాయి. నైట్రేట్ 5 నుంచి 10, ఫాస్ఫేట్ 0.05 నుంచి 0.1 పీపీఎం ఉండనివ్వండి. రెండూ సున్నాకి చేరితే మొక్కలు పోవడమే కాదు, డైనోఫ్లాజెలేట్లు అనే సూక్ష్మజీవుల గోధుమరంగు జిగురు కూడా మొదలవ్వచ్చు. ఫాస్ఫేట్ రేణువులు ముందు తీసేయండి, చాలకపోతే చీటోని సగం చేయండి.

లైట్ల వేళలు ఎదురెదురుగా ఉంటే రాత్రి పీహెచ్ పడిపోవడం తగ్గుతుంది. కానీ చూడటానికి పెట్టిన ట్యాంకు మీరు మెలకువగా ఉన్నప్పుడు వెలగాలి కదా. మెయిన్ ట్యాంకు ఉదయం 11 నుంచి రాత్రి 9, మొక్కలది సాయంత్రం 6 నుంచి ఉదయం 6 పెట్టుకుంటే మూడు గంటలు రెండూ కలిసి కనిపిస్తాయి. 6500 కెల్విన్ తెల్ల ఎల్ఈడీ వాడండి. గులాబీ రంగు దీపం కింద ఎర్ర నాచు రంగే తెలియదు.

మొక్కల ట్యాంకులో నాచు తినే టాంగ్, రాబిట్‌ఫిష్ చేపలు వేస్తే తోటంతా తినేస్తాయి. టర్బో నత్తలు కూడా వద్దు, సెరిత్, నెరైట్ నత్తలు చాలు. ఒక సంప్‌కి కలిపారంటే రెండూ ఒకే నీళ్లు. ఒక చేపకు తెల్లమచ్చల జబ్బు వస్తే రెండు ట్యాంకులకూ వచ్చినట్టే. రాగి మందు వేస్తే వెన్నెముక లేనివన్నీ చస్తాయి. రెండు ట్యాంకుల్లోంచీ చేపలన్నీ తీసి, 76 రోజులు ఖాళీగా ఉంచాలి. అందుకే ఈ వ్యవస్థతో ఏ పైపూ కలవని 60 లీటర్ల క్వారంటైన్ ట్యాంకు (కొత్త, జబ్బు చేపల్ని విడిగా ఉంచేది) ఒకటి, దానికి సొంత వల, సొంత బకెట్ మొదటే కొనుక్కోండి.

అన్నీ బిగించాక ఇసుక, ఉప్పు వేయకముందే మంచినీళ్లతో నింపి నడపండి. పంపులు ఆపి సంప్ ఎంత ఎత్తుకు లేచిందో టేపు అంటించి గుర్తు పెట్టండి. తిరిగి వేసి, మొక్కల ట్యాంకు మొదటి డ్రెయిన్‌ని గుడ్డతో మూసి, అత్యవసర పైపు మొత్తం నీటిని మోస్తుందో లేదో చూడండి. తర్వాత రెండింటినీ మూసి, పంపు గాలి పీల్చేదాకా పక్కనే నిలబడండి. నీరు అంచు దాటితే ఆ దిమ్మె ఇంకో 2 సెం.మీ. పెంచండి.