పాటకు పట్టా

“సినిమాలతో సంబంధం లేకుండా సొంతంగా పాటలు తీయించి, సొంతంగానే జనంలోకి పంపించుకునే వృత్తిలో, హైదరాబాదు వెళ్లకుండా కోనసీమలోనే ఉండి నిలబడగలమా? మంచి ట్యూనూ మంచి గొంతూ ఉంటే సరిపోతుందా?” అని అడిగారు. నిలబడగలరు. నేను పదకొండేళ్లుగా అంబాజీపేట పక్కనే ఉండి ఈ పని చేస్తున్నాను. రెండో ప్రశ్నకు మాత్రం సరిపోదనే చెబుతాను. ట్యూను కట్టేవాళ్లూ పాడేవాళ్లూ మన వైపు ఊరికి నలుగురు దొరుకుతారు గాని, తాము విడుదల చేసిన పాటలో ఏ ముక్క ఎవరిదో కాగితం తీసి చూపించగలిగినవారు ఇన్నేళ్లలో నాకు ఇద్దరు ముగ్గురికి మించి కనిపించలేదు. నిర్మాత అసలు పని ఆ కాగితాన్ని సిద్ధం చేసుకోవడమేనని నా గట్టి నమ్మకం.

మా నాన్నగారిది మైక్ సెట్ల దుకాణం. పెళ్లికైనా తీర్థానికైనా కొబ్బరిచెట్టుకు హారన్లు కట్టి పాటలు వేసిన ఆ కాలంలో, ఆ పాట ఎవరిదని అడిగినవారు లేరు. తరువాత నేను అదే దుకాణంలో, ఎవరైనా చీటీ మీద పాటల వరుస రాసి తెస్తే ఖాళీ క్యాసెట్టులోకి ఎక్కించి ఇచ్చేవాణ్ని. అది తప్పని నాకు అప్పుడు తెలియదు. పాట గాలిలాంటిది, ఎవరైనా పీల్చుకోవచ్చు అన్న ఆ అలవాటే సొంత పాటలు తీయడం మొదలుపెట్టాక కూడా నన్ను వదలలేదు. ఒక సంక్రాంతికి దాని ఫలితం అనుభవించాను.

ఆ ఏడాది పండుగ కోసం ఒక పాట చేయించాను. సాహిత్యం మా ఊరి తెలుగు మాస్టారిది, ట్యూను రావులపాలెం కుర్రవాడిది, గొంతు చర్చి కోయిర్‌లో పాడే ఒక అమ్మాయిది. ప్రోగ్రామింగు, అంటే కంప్యూటరులో వాయిద్యాలు కూర్చే పని, చేసినవాడు ఇంజనీరింగు చదివి ఇంటి దగ్గర ఉంటున్న మా బంధువుల అబ్బాయి. రికార్డింగు, మిక్సింగు, వీడియో అన్నీ కలిపి నాకు 85 వేల రూపాయలు అయ్యాయి. ప్రచారానికి నా దగ్గర డబ్బు మిగల్లేదు. అందుకే ధనుర్మాసం మొదట్లోనే పాటను పెన్ డ్రైవులలో వేసి, అమలాపురం, రావులపాలెం మధ్య తిరిగే ఆటోలవారికి, డీజే కుర్రవాళ్లకు, తీర్థాలలో దుకాణాలు పెట్టేవాళ్లకు స్వయంగా తిరిగి ఇచ్చాను. మన డెల్టాలో పాట ముందు చెవిన పడాలి, ఆ తరువాతే జనం ఫోనులో వెతుక్కుంటారు. ఈ క్రమాన్ని తిరగేసి, ముందే ఫోనులో ప్రకటనలకు డబ్బు పోసినవాళ్లు బాగుపడగా నేను చూడలేదు.

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లాను. పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు, అంటే దేవుణ్ని నిలిపి అలంకరించిన ఎత్తైన వెదురు చట్రాలు, ఆ కొబ్బరితోటకు చేరే రోజు అది. గంగలకుర్రు వారు ప్రభను భుజాన ఎత్తుకొని, మెడలోతు నీటిలో కౌశిక కాలువ దాటించే దృశ్యం చూడడానికి జనం గట్ల మీద కిక్కిరిసి ఉన్నారు. ఒడ్డుకు కొంచెం ఎడంగా ఉన్న జీళ్ల దుకాణం మీద చిన్న స్పీకరులో మా పాట వినిపించింది. నేను ఇచ్చిన పెన్ డ్రైవు కాదు, ఆ దుకాణదారు ఎవరో నాకు తెలియదు. “ఈ పాట ఎక్కడిదండి?” అని అడిగితే, “ఆయ్, పండగ పాటండి, మా కుర్రోళ్లు ఎక్కించారండి, పొద్దున్నించీ ఇదే అడుగుతున్నారండి జనం” అన్నాడు. ఎవరో తెలియని మనిషి నోట ఆ మాట విన్నప్పుడు నాకు కళ్లు చెమర్చాయి.

సరిగ్గా అప్పుడే మా ప్రోగ్రామరు అబ్బాయి ఫోను చేశాడు. “బాబాయ్ గారూ, మన వీడియో మీద క్లెయిమ్ పడిందండి. పాట మొదట్లో సన్నాయి వాళ్లదంటున్నారండి” అన్నాడు.

పాట ఎత్తుగడలో ఎనిమిది సెకన్ల సన్నాయి బిట్టు ఉంది. దాన్ని మేము వాయించలేదు, వాయించినవారెవరో మాకు తెలియదు. ప్రోగ్రామింగు చేసేవాళ్లు ఇంటర్నెట్టులో కొనుక్కునే లూపుల (ముందే వాయించి పెట్టిన చిన్న బిట్ల) కట్టలోనిది అది. వేరే రాష్ట్రంలో ఎవరో అదే లూపును తమ పాటలో పెట్టి, ఆ పాటను మాకంటే ముందు యూట్యూబు వారి కంటెంట్ ఐడీలో, అంటే ఏ వీడియోలో ఎవరి శబ్దం ఉందో పోల్చి పట్టే వ్యవస్థలో, నమోదు చేశారు. ఆ వ్యవస్థకు శబ్దాల పోలిక తప్ప న్యాయాన్యాయాలు తెలియవు. దాంతో మా వీడియో మీద వచ్చే ప్రకటనల ఆదాయం వారి వైపు తిరిగిపోయింది. నేను ఫోను పట్టుకుని నిలబడి ఉండగా, నీళ్లలోంచి పైకి వచ్చిన ప్రభ ముందు సన్నాయి మేళం నడుస్తోంది. చిన్నప్పటి నుంచి వింటున్న సన్నాయిని పక్క ఊరిలో ఉంచుకొని, ఊరూ పేరూ తెలియని లూపు మీద నా పాటను మొదలుపెట్టినందుకు నాకు కలిగిన బాధ, పోయిన డబ్బుకు కలిగిన బాధ కంటే పెద్దది.

ఇలాంటి క్లెయిమ్ పడిన ఐదు రోజుల లోపు మనం అభ్యంతరం తెలిపితే, మొదటి రోజు నుంచి వచ్చిన ఆదాయాన్ని తగవు తేలేవరకు ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెడతారు. ఐదు రోజులు దాటితే, అభ్యంతరం తెలిపిన రోజు నుంచి వచ్చినదాన్నే పక్కన పెడతారు. అభ్యంతరం తెలపాలంటే లూపు కొన్న రసీదు ఒకటి చేతిలో ఉండాలని అనుకున్నాం. మా అబ్బాయి దాన్ని తన స్నేహితుడి ఖాతాలో కొన్నాడు, ఆ స్నేహితుడు పండుగకు అత్తవారింటికి వెళ్లి ఫోనుకు అందలేదు. రసీదు చేతికి వచ్చేసరికి తొమ్మిదో రోజు అయింది. అవతలివారికి సమాధానం చెప్పడానికి 30 రోజుల గడువు ఉంటుంది. వారు ఏ సమాధానమూ చెప్పలేదు, గడువు తీరాక క్లెయిమ్ దానంతట అదే తొలగిపోయింది. కాని పండుగ పాటను జనం వినేది పండుగ రోజుల్లోనే కదా! కనుమ, ముక్కనుమల ఆదాయం వెళ్లిపోయాక, మాఘమాసంలో హక్కు తిరిగి వస్తే మాకు మిగిలిందేమీ లేదు.

ఈ విషయాన్ని మన డెల్టా వారికి పొలం భాషలో చెబితే సులువుగా బోధపడుతుంది. కొన్న లూపు కౌలుకు తీసుకున్న భూమి. మామూలు పొలంలా కాక, ఈ భూమిని అదే రోజు వందమందికి కౌలుకు ఇవ్వవచ్చు. అందులో మీ పంట మీరు పండించుకోవచ్చు గాని, ఆ భూమికి మీ పేరున పట్టా చేయించుకోకూడదు. అలా అందరికీ లైసెన్సు మీద ఇచ్చే శబ్దాలను కంటెంట్ ఐడీలో తమ సొంతమని నమోదు చేయకూడదన్నది యూట్యూబు నియమమే. ఆ పని చేసినవారు మా డబ్బు తీసుకున్నారు, నియమం పాటించిన మేము నష్టపోయాం. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడని అన్యాయం.

ఆ తరువాత నా కాగితాలన్నీ తీసి చూసుకుంటే, లూపు ఒక్కటే కాదు, పాట మొత్తం అదే స్థితిలో ఉందని తెలిసింది. మాస్టారితో నేను రాయించుకున్నది ఒక తెల్లకాగితం మీద “హక్కులన్నీ నిర్మాతవే” అన్న ఒకే ఒక్క వాక్యం. 1957 నాటి కాపీరైటు చట్టం 19వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో కాలపరిమితి రాయకపోతే ఆ హక్కు ఐదేళ్లకే పరిమితమని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేనని భావిస్తారు. రికార్డింగు మీద నిర్మాతకు విడుదలైన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. నేను రాసుకున్న కాగితం వల్ల, అందులోని సాహిత్యం మీద మాత్రం ఐదేళ్లు నిండగానే నాకు అధికారం పోయేది. అంతకన్నా ముఖ్యమైనది 2012 సవరణ. రచయితకు, స్వరకర్తకు తమ రచన వినియోగం మీద రావలసిన రాయల్టీలో సమాన వాటాను వారు తమ వారసులకో, కాపీరైటు సొసైటీకో తప్ప మరెవరికీ రాసి ఇవ్వలేరు, వదులుకోనూ లేరు. “ఐదువేలు ఇచ్చాం, ఇంక పాటతో ఆయనకేం సంబంధం” అని మన దగ్గర చాలామంది నిర్మాతలు తల ఎగరేసి చెప్పే మాటకు చట్టంలో చోటు లేదు. పాటల రచయితలను పోస్టరు మీద కూడా వేయని నిర్మాతలను నేను ఎరుగుదును. వీడియోలో నటించిన వారి పేర్లు కొబ్బరికాయలంత అక్షరాలతో వేసి, రాసిన మనిషిని వదిలేయడం నాకు చాలా తప్పుగా తోస్తుంది.

ఇప్పుడు నేను స్టూడియోలో మైకు పెట్టకముందే కాగితం పెడతాను. ఎవరి రచన, ఏ హక్కులు, ఎన్నేళ్లు, ఏ ఏ దేశాలలో, ఎంత వాటా అన్నవి ఒక్కొక్కటిగా రాసి, చదివి వినిపించి, సంతకం చేయించుకుంటాను. రచయితల, స్వరకర్తల రాయల్టీని వసూలు చేసి ఇచ్చే, 1969 నుంచి ఉన్న ఐపీఆర్ఎస్ అనే కాపీరైటు సొసైటీలో మాస్టారిని సభ్యునిగా చేర్పించాను. పొలానికి సర్వే నంబరు ఎలాగో రికార్డింగుకు, అక్షరాలూ అంకెలూ కలిపి 12 ఉండే ఐఎస్ఆర్సీ అనే గుర్తింపు సంఖ్య అలాగ. అది తీసుకోకుండా ఏ పాటనూ బయటికి పంపను. లూపులు వాడితే రసీదు నా పేరున ఉండాలి. సన్నాయి కావాలంటే పక్క ఊరి మేళంలోని పెద్దాయనను పిలిపించి, ఆయన చేతనే వాయించి, ఆయన పేరు వేస్తాను. ఆ సంక్రాంతి పాట ఎత్తుగడను కూడా ఆయన చేత తిరిగి వాయించి, కొత్తగా విడుదల చేశాను. విన్నవాళ్లు ఇదే బాగుందన్నారు, నాకూ అంతే అనిపించింది.

ప్రచారం గురించి ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. “లక్ష వ్యూస్ ఇంతకు ఇస్తాం” అని ఫోను చేసేవారికి ఒక్క రూపాయి ఇవ్వకండి. ఆ వ్యూస్‌ను యూట్యూబు తరువాత తీసివేస్తుంది. పాటలు వినే స్పాటిఫై యాప్‌లో 2024 నుంచి, గడచిన 12 నెలల్లో కనీసం 1,000 సార్లు వినబడని పాటకు రాయల్టీయే రాదు కనుక, ఆ వెయ్యి నిజమైన చెవులను సంపాదించే పని మీద మీ శక్తి పెట్టండి. అవి రావులపాలెం ఆటో స్టాండులో, తణుకు పెళ్లి ఊరేగింపులో, అంతర్వేది తీర్థంలో ఉన్నాయి.

ఆదాయం సంగతి కూడా దాచకుండా చెబుతాను. నెల జీతంలా రాదు. నాకు స్ట్రీమింగు మీద వచ్చేది ఇంటి కరెంటు బిల్లుకు, పిల్లల ఫీజులలో కొంత భాగానికి సరిపోతుంది. మిగిలినది పెళ్లిళ్లకు, ఊరి పండుగలకు, స్థానిక దుకాణాలకు అడిగి చేయించుకునే పాటల మీద వస్తుంది. మా నాన్నగారి మైక్ సెట్లు కూడా ఇంకా అద్దెకు తిరుగుతున్నాయి. మీరు వచ్చే సంక్రాంతికి పాట వేయాలనుకుంటే దసరా నాటికి సాహిత్యం చేతిలో ఉండాలి, కార్తీకంలో రికార్డింగు ముగియాలి, ధనుర్మాసం పట్టేసరికి పెన్ డ్రైవులు పంచాలి. ఒప్పందం నమూనా తెలుగులో రాసుకున్నది నా దగ్గర ఉంది. అంబాజీపేట వైపు వస్తే దుకాణంలో కూర్చుని చూసుకోవచ్చు.