విండో మూసే మీట ఎంచుకునేటప్పుడు

జయనగర్, బెంగళూరు

చిన్నా,

ఆఫీసు కంప్యూటర్‌లో ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం), గదిలో ఉన్నదానిలో విండోస్, రెండింటికీ విండో మూసే షార్ట్‌కట్ ఏది పెట్టుకోమంటావని అడిగావు. ఏ మీట అని చూసేముందు, అది పొరపాటున పడితే ఏం పోతుందో చూడు. బ్రౌజర్‌లో ట్యాబ్ పోతే కంట్రోల్+షిఫ్ట్+టీ కొడితే తిరిగొస్తుంది. విండో మొత్తం పోతే సగం నింపిన ఫారాలు ఎన్ని పోతాయో చెప్పలేం. అందుకని ట్యాబ్ మూసేది వేలి కింద ఉండాలి, విండో మూసేది చెయ్యి చాపితేగానీ అందకూడదు.

ట్యాబ్‌కి కంట్రోల్+డబ్ల్యూ ఉంది, దాన్ని కదపకు. చిక్కంతా పక్కనున్న క్యూతోనే. ఉబుంటులో కంట్రోల్+క్యూ కొడితే ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ అన్ని విండోలూ మూసి బయటికి పోతుంది. వేలు ఒక్క మీట ఎడమకి జారితే చాలు. దాని సెట్టింగ్స్‌లో, జనరల్ కింద, అలా పోయేముందు అడగమనే గడి ఉంది. టిక్ ఉందో లేదో ఇవాళే చూసుకో.

టెర్మినల్ (ఆదేశాలు టైప్ చేసే విండో) సంగతి వేరు. అక్కడ కంట్రోల్+డబ్ల్యూ వెనక మాటని చెరిపేస్తుంది, ట్యాబ్ మూయడానికి షిఫ్ట్ కూడా కలపాలి. ఆ అలవాటుతోనే బ్రౌజర్‌లో తెరిచిన టెర్మినల్‌లో మాట చెరపబోయి ట్యాబే మూసేసుకుంటారు. అలాంటి టెర్మినల్‌లో బ్యాక్‌స్పేస్‌తోనే చెరుపు, బద్ధకించకు.

ఇక విండో. ఆల్ట్+ఎఫ్4 ఏ మీట ఏ పని చేయాలో ఐబీఎం 1987లో రాసిన నియమాల నాటిది, అందుకే విండోస్‌లోనూ ఉబుంటులోనూ అదే నడుస్తోంది. మీట మంచిదే, కానీ చాలా ల్యాప్‌టాపుల్లో ఎఫ్4 మీద ఇంకో పని కూర్చుని ఉంటుంది, ఎఫ్ఎన్ కూడా పట్టుకుంటేగానీ పలకదు. ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్పీ రోడ్డులో ముచ్చటపడి చిన్న కీబోర్డు కొన్నావంటే ఎఫ్ మీటల పై వరసే ఉండకపోవచ్చు.

ఉబుంటులో నేనైతే సూపర్+బ్యాక్‌స్పేస్ పెట్టమంటాను (సూపర్ అంటే విండోస్ గుర్తున్న మీట). రెండు చేతులూ కావాలి, పొరపాటున పడదు. సూపర్+క్యూ వద్దు, ఉబుంటు దాన్ని ఐకాన్ల పట్టీ (డాక్) చూపించడానికి వాడుకుంటుంది, పైగా ప్రోగ్రాములు మార్చే సూపర్+ట్యాబ్‌కి ఆనుకునే ఉంది. ఇంకో లాభం: తెలుగు లేఅవుట్‌లో ఉన్నప్పుడు కొన్ని ప్రోగ్రాముల్లో కంట్రోల్‌తో అక్షరం కలిసిన షార్ట్‌కట్లు పలకవు. బ్యాక్‌స్పేస్‌కి ఆ గొడవ లేదు.

పెట్టుకోవడం ఇలా. సెట్టింగ్స్‌లో కీబోర్డ్, అందులో వ్యూ అండ్ కస్టమైజ్ షార్ట్‌కట్స్, దాని కింద విండోస్ అనే విభాగం, అక్కడ క్లోజ్ విండో. దాని మీద నొక్కి, కొత్త మీటలు కలిపి కొట్టి, సెట్ అను. అవి వేరే పనికి వాడుకలో ఉంటే రీప్లేస్ చేయమంటావా అని అడుగుతుంది. ఏ పని ఊడుతుందో చదివాకే సరేనను.

విండోస్‌లో దీన్ని మార్చే సెట్టింగ్ లేదు. మైక్రోసాఫ్ట్ ఇచ్చే పవర్‌టాయ్స్ అనే ప్రోగ్రాములోని కీబోర్డ్ మేనేజర్‌తో మార్చొచ్చు, అది వెనకాల నడుస్తున్నంతసేపే పని చేస్తుంది. ఒక్క షార్ట్‌కట్ కోసం అంత అక్కర్లేదు. చాలా ల్యాప్‌టాపుల్లో ఎఫ్ఎన్+ఎస్కేప్ కొడితే పై వరస మామూలు ఎఫ్ మీటల్లా మారుతుంది, ముందు అది చూడు. కాకపోతే ఆల్ట్+ఎఫ్4ని టకటకా కొట్టకు. చివరి విండో కూడా మూసుకున్నాక ఇంకోసారి పడితే షట్‌డౌన్ చేయాలా అనే పెట్టె వస్తుంది, ఆ ఊపులో ఎంటర్ తగిలితే కంప్యూటర్ ఆగిపోతుంది.

మామయ్య