క్యాంపస్ హీటింగ్‌ని రెన్యువబుల్‌కి మార్చాలంటే ముందు ఏం చేయాలి?

గ్యాస్ బాయిలర్లు తీసేయాలనుకుంటున్నాం, బోర్లు వేయాలా, సోలార్ పెట్టాలా, చెక్కపొట్టు కాల్చాలా అని అడిగారు. నేను ఒక చలిప్రదేశపు యూనివర్సిటీ బాయిలర్ హౌస్‌లో ఆరేళ్లు పనిచేశాను, అక్కడ ఈ మార్పు జరుగుతుండగా ఉన్నాను. నన్నడిగితే ఇంధనం సంగతి తర్వాత. మీ బిల్డింగులకు అసలు ఎన్ని డిగ్రీల వేడి కావాలో ముందు తేల్చుకోండి.

పాత క్యాంపసుల్లో ఎక్కువగా ఆవిరే పంపుతారు. ఆవిరంటే వంద డిగ్రీల పైమాటే. హీట్ పంపు అంటే కరెంటుతో నడుస్తూ నేలలోనో గాలిలోనో ఉన్న వేడిని లాగి నీళ్లకిచ్చే యంత్రం. దాంతో అంత వేడి తేవాలంటే కరెంటు తాగేస్తుంది. 60 డిగ్రీల నీళ్లు చాలనుకుంటే మాత్రం ఒక యూనిట్ కరెంటుకి సుమారు మూడు యూనిట్ల వేడి వస్తుంది. లెక్కంతా ఇక్కడే ఉంది.

మేం ఒక నాలుగంతస్తుల పాత బిల్డింగ్ తీసుకున్నాం. ఆవిరి కింది గదిలోనే ఆగి నీళ్లని వేడిచేసేది, ఆ నీళ్లు రేడియేటర్లకు వెళ్లేవి. చలి బాగా ముదిరాక ఆ నీళ్ల వేడిని 82 డిగ్రీల నుంచి కొంచెం కొంచెంగా 65కి దించాం. ఫోన్లు మోగిపోతాయని అందరికీ టెన్షన్. తీరా చూస్తే ఫిర్యాదు వచ్చినవి మూడే గదులు. రెండింటిలో కిటికీ సందుల్లోంచి గాలి కొడుతోంది. మూడో గదిలో ప్రొఫెసర్ గారు కోటు వేసుకుని కూర్చున్నారు, రేడియేటర్ ఏమో పుస్తకాల బీరువా వెనక దాక్కుంది! బీరువా జరిపాం, అంతే.

ఒక పొరపాటు కూడా చెప్పాలి. బయాలజీ ల్యాబ్‌కి ఆవిరి లైన్ కట్ చేసే రోజు పొద్దున అక్కడ ఆటోక్లేవ్ (ల్యాబ్ సామాన్లను ఆవిరితో క్రిమిరహితం చేసే యంత్రం) ఆ లైన్ మీదే నడుస్తోందని తెలిసింది. ఎవరి లిస్టులోనూ లేదు. పని ఆపేసి, దానికి విడిగా చిన్న ఎలక్ట్రిక్ స్టీమ్ జనరేటర్ తెప్పించుకోవాల్సి వచ్చింది. వంటశాల, లాండ్రీ, ల్యాబులు మీరే కాలినడకన తిరిగి చూడండి, డ్రాయింగులు నమ్మకండి.

ఇక బోర్లు. ఇవి నీళ్ల కోసం కాదు. వంద మీటర్లకు పైగా దింపి, అందులో పైపు తిప్పి, నేల వేడిని హీట్ పంపుకి తెచ్చుకుంటాం. అమెరికాలో బాల్ స్టేట్ యూనివర్సిటీ 2009లో మొదలుపెట్టి సుమారు 3,600 బోర్లు వేసి, బొగ్గు బాయిలర్లు మానేసింది. అయితే చలికాలంలో తీసుకున్న వేడిని వేసవిలో ఏసీల నుంచి తిరిగి నేలలోకి పంపాలి. తీసుకోవడమే తప్ప ఇవ్వకపోతే ఏటేటా నేల చల్లబడిపోతుంది.

మీ దగ్గర చలికాలంలో కూడా సర్వర్ గదులకూ ల్యాబులకూ కూలింగ్ నడుస్తుంటే, అక్కడి నుంచి తీసిన వేడిని బయటికి వదిలేయకుండా పట్టుకుని బిల్డింగులకు వాడుకోండి. స్టాన్‌ఫర్డ్ 2015లో అదే చేసింది, దానికోసం ఆవిరి పైపులు తీసి వేడినీటి పైపులు వేసుకుంది.

చెక్కపొట్టు నాకు నచ్చదు. లారీలు, బూడిద, నిల్వ గోదాము, అదో సంసారం. సోలార్ మంచిదే కానీ చలికాలంలో, అసలు అవసరమైనప్పుడే తక్కువ ఇస్తుంది. హీట్ పంపులకు వచ్చే కరెంటు బొగ్గుదైతే మాత్రం ఆ సంగతి కూడా చూసుకోవాలి.

ఈ చలికాలం పోనివ్వకుండా ఒక్క బిల్డింగులో నీళ్ల వేడి దించి చూడండి. ఏ గదులు ముందు చల్లబడ్డాయో ఇక్కడ రాస్తే రేడియేటర్ల సైజు లెక్క చెప్తాను.