ఇంగ్లీషులో "నాకు" ఎక్కడ పెట్టాలి?

ఉద్యోగంలో చేరి రెండు నెలలైన ఓ కుర్రాడు మొన్న ఫోన్ చేశాడు. "అన్నా, మీటింగులో 'ప్లీజ్ ఎక్స్‌ప్లెయిన్ మీ దిస్' అన్నాను. మేనేజరు బాగానే వివరించాడు. బయటికొచ్చాక మా టీమ్‌లో ఒకతను 'ఎక్స్‌ప్లెయిన్ టు మీ' అనాలని మెల్లగా చెప్పాడు. 'గివ్ మీ' ఒప్పు, 'టెల్ మీ' ఒప్పు, ఇదొక్కటీ తప్పెలా అయింది?" అని.

సందేహం న్యాయమైనదే. నేను కూడా ఈ పరాయి దేశానికి వచ్చిన కొత్తలో ఏళ్ళ తరబడి "సజెస్ట్ మీ" అంటూ మెయిళ్ళు పంపాను. ఒక్కరూ దిద్దలేదు. అర్థమైతే చాలు, ఎదుటివాడి భాష దిద్దడం మర్యాద కాదు అనుకుంటారు ఇక్కడివాళ్ళు. అందుకే ఈ తప్పులు పదేళ్ళయినా మనల్ని వదలవు. ఆ టీమ్ కుర్రాడికి థాంక్స్ చెప్పమన్నాను.

తెలుగులో మనకి ఈ తంటా లేదు. "నాకు ఆ సంగతి చెప్పాడు" అన్నా, "ఆ సంగతి నాకు చెప్పాడు" అన్నా, "చెప్పాడు నాకు ఆ సంగతి" అన్నా అర్థం చెడదు. "కు" మాటకే అంటుకుని ఉంటుంది కాబట్టి ఎక్కడ పెట్టినా చెల్లుతుంది. పాత ఇంగ్లీషులోనూ ఇలాంటి విభక్తులు ఉండేవి. అవి అరిగిపోయి, ఇప్పుడు "నన్ను"కీ "నాకు"కీ "మీ" అనే ఒక్క మాటే మిగిలింది (మన "మీరు"లో "మీ" కాదు, ఇంగ్లీషు "మీ"). షేక్‌స్పియర్ నాటకాల్లో "మీథింక్స్" అని వస్తుంది చూడండి, దాని అర్థం "నాకనిపిస్తోంది". అందులో "మీ" అచ్చంగా మన "నాకు". విభక్తి పోయాక ఆ పని చెయ్యడానికి ఇంగ్లీషుకి రెండే దారులు మిగిలాయి: మనిషిని క్రియ పక్కనే కూర్చోబెట్టడం, లేదా ముందు "టు" తగిలించడం. ఏ క్రియ ఏ దారిని ఒప్పుకుంటుందన్నదే అసలు గొడవ.

గివ్, సెండ్, షో, టీచ్, లెండ్, టెల్ లాంటివి మనిషిని పక్కనే కూర్చోనిస్తాయి. ఎక్స్‌ప్లెయిన్, డిస్క్రైబ్, సజెస్ట్, అనౌన్స్ లాంటివి "టు" లేనిదే రానివ్వవు. మొదటి గుంపులో ఎక్కువభాగం ఇంగ్లీషు సొంత మాటలు, రెండోదాంట్లో ఎక్కువభాగం లాటిన్, ఫ్రెంచి దారిలో వచ్చినవి. ఈ పుట్టుపూర్వోత్తరాలు మాట్లాడేటప్పుడు గుర్తుంటాయా? ఉండవు. చెవికి అందే గుర్తు ఇంకోటుంది. ఒక్క దెబ్బలో పలికేవి, లేదా ఆఫర్, ప్రామిస్ లాగా మొదటి అక్షరాన్ని ఒత్తి పలికేవి సాధారణంగా "మీ"ని పక్కన రానిస్తాయి. ఎక్స్‌ప్లెయిన్, సజెస్ట్ లాగా ఒత్తు రెండోదాని మీద పడితే "టు" కావాలి. అన్నిటికీ కుదరదు. "సే" ఒక్క దెబ్బ మాటే, అయినా "సే మీ" అనకూడదు. "అవార్డ్"కి ఒత్తు రెండోదాని మీదే, అయినా "దే అవార్డెడ్ మీ ఎ ప్రైజ్" శుభ్రంగా సరిపోతుంది. అయినా ఏమీ తోచనప్పుడు ఆ గుర్తు పనికొస్తుంది.

ఇంతకంటే మనవాళ్ళని ఎక్కువగా పట్టుకునేది "సే", "టెల్" గొడవ. తెలుగులో "రిపోర్టు రెడీ అని చెప్పాడు" అంటే చాలు, ఎవరికి చెప్పాడో అనక్కర్లేదు. దాన్నే యథాతథంగా "హీ టోల్డ్ దట్ ద రిపోర్ట్ ఈజ్ రెడీ" అని దించేస్తాం. "టెల్" ఆ చోట ఖాళీగా ఉండనివ్వదు, పక్కన మనిషి ఉండాలి. నేనొకసారి ఇలాగే అంటే మా పైవాడు "టోల్డ్ హూ?" అన్నాడు. నన్ను నమ్మట్లేదేమో, ఆధారం అడుగుతున్నాడేమోనని టెన్షన్ పడి, ఎప్పుడు చెప్పాడో, ఎక్కడ చెప్పాడో అంతా ఏకరువు పెట్టాను. పాపం ఆయనకి కావలసింది ఒక్క "మీ"! మనిషిని చెప్పదలిస్తే "హీ టోల్డ్ మీ దట్" అనండి, చెప్పదలచకపోతే "హీ సెడ్ దట్" అనండి. ఇదొక్కటి సరిచేసుకున్నా మీ మాట సగం తేలికపడుతుంది.

ఇదే తేడా "ఐ వాజ్" దగ్గర మళ్ళీ బయటపడుతుంది. "ఐ వాజ్ టోల్డ్", "ఐ వాజ్ గివెన్" సరే. "ఐ వాజ్ ఎక్స్‌ప్లెయిన్డ్" అంటే నన్నే ఎవరో విప్పి వివరించినట్టు ఉంటుంది. "ఇట్ వాజ్ ఎక్స్‌ప్లెయిన్డ్ టు మీ" అనాలి.

ఇక దిద్దుబాటు మొదలయ్యాక వచ్చే రెండో జబ్బు, ఎక్కడపడితే అక్కడ "టు" గుచ్చడం. "ఆస్క్డ్ టు హిమ్", "కాల్ టు మీ", "ఇన్‌ఫార్మ్ టు మీ". వీటిలో ఎక్కడా "టు" అక్కర్లేదు. తెలుగుని కొలబద్దగా పెట్టుకుంటే దెబ్బతింటాం. "నన్ను అడిగాడు"లో "కు" లేదు, ఇంగ్లీషులోనూ "టు" లేదు, బాగానే ఉంది. "నాకు ఫోన్ చేశాడు"లో "కు" ఉంది, "కాల్డ్ మీ"లో మాత్రం "టు" లేదు. "ఆన్సర్ మీ" అనొచ్చు, "రిప్లై మీ" అనకూడదు, "రిప్లై టు మీ" అనాలి. "ఈమెయిల్ మీ", "టెక్స్ట్ మీ" రెండూ సరే. జవాబివ్వమనడానికి మనం వాడే "రివర్ట్" బయట చాలామందికి పాత స్థితికి వెళ్ళడంగానే అర్థమవుతుంది. బదులుగా "గెట్ బ్యాక్ టు మీ" వాడండి. ఏదీ తోచకపోతే "లెట్ మీ నో" ఉంది, అది ఎక్కడైనా ఆదుకుంటుంది.

వస్తువు పేరు కాకుండా "ఇట్" అనేటప్పుడు "గివ్ మీ ఇట్" కంటే "గివ్ ఇట్ టు మీ" చెవికి బాగుంటుంది. ఉత్తర ఇంగ్లండులో "గివ్ ఇట్ మీ" అనేవాళ్ళూ ఉన్నారు. బ్రిటన్‌లో ఒక్కడే నిలబడి "గివ్ అజ్ ఎ హ్యాండ్" అంటే కంగారుపడకండి, అక్కడ "అజ్" అంటే మాకు కాదు, నాకు. "నాకు రాయి" అనడానికి "రైట్ మీ" అమెరికాలో మామూలే, బ్రిటన్‌లో "రైట్ టు మీ" అంటారు. "రెకమెండ్ మీ ఎ బుక్" ఈమధ్య మాటల్లో బాగానే వినిపిస్తోంది. "సజెస్ట్ మీ"కి మాత్రం ఇంకా ఆ అదృష్టం పట్టలేదు.

"నా కోసం" అన్న అర్థంలో "ఫర్" ఉంది. చివరికి నా చేతికి ఏదైనా అందేట్టయితే "మీ" పక్కనే పెట్టొచ్చు: "బుక్ మీ ఎ టికెట్", "ఫైండ్ మీ ఎ సీట్". తలుపు తీస్తే తలుపు నా చేతికి రాదుగా, కాబట్టి "ఓపెన్ ద డోర్ ఫర్ మీ". "నాకు రెండు గంటలు పట్టింది" అనడానికి "ఇట్ టుక్ మీ టూ అవర్స్" అంటే చాలు.

కుర్రాడికి నేను చెప్పిన పని ఒక్కటే. ఈ రాత్రి నీ సెంట్ మెయిళ్ళలో "సజెస్ట్ మీ", "ఎక్స్‌ప్లెయిన్ మీ", "రిప్లై మీ", "టోల్డ్ దట్" అని వెతుకు. దొరికిన ప్రతి వాక్యాన్నీ సరిచేసి ఓసారి పైకి చదువు. నేను మొదటిసారి అలా వెతికినప్పుడు, సరిచెయ్యడం సంగతి అటుంచి, కిందిదాకా స్క్రోల్ చెయ్యడానికే చాలాసేపు పట్టింది.