తపస్కాలంలో ఉదయం ప్రార్థన, పునీతుల ధ్యానం: షిఫ్టు ఉద్యోగంలో ఎలా కుదురుతుంది?

మీరు అడిగింది ఇది: తపస్కాలం (ఈస్టరుకు ముందు ప్రార్థన, ఉపవాసాలతో గడిపే నలభై రోజులు) మొదలయ్యే విభూతి బుధవారం నుంచి రోజూ ఉదయం ప్రార్థన మొదలుపెట్టాలనుంది, రోజుకొక పునీతుల (సెయింట్ల) చరిత్ర చదివి ధ్యానించమని ఎవరో సలహా ఇచ్చారు, కానీ ఉండేది హాస్టల్లో, నెలలో సగం రోజులు నైట్ షిఫ్టు, గట్టిగా ఇరవై నిమిషాలు దొరికితే ఎక్కువ. ఎలా చేయాలి?

నేను నర్సుని. పుట్టింది గుంటూరు జిల్లాలో, ఉద్యోగం విజయవాడలో. షిఫ్టు డ్యూటీలు చేసుకుంటూనే చాలా తపస్కాలాలు గడిపాను. వాటిలో నాకు నిలబడినవేమిటో చెబుతాను.

మొదట రోజుకొక పునీతుల సంగతి. వద్దండి. వారానికి ఒక్కరు చాలు. పునీతులంటే భక్తి తక్కువై అనడం లేదు. ఈ కాలంలో తిరుసభే, అంటే మన కతోలిక సంఘమే, వాళ్లను ఒక అడుగు వెనక నిలబెడుతుంది. మిగతా రోజుల్లో తప్పనిసరిగా జరుపుకొనే స్మరణలు (పునీతులను తలుచుకునే రోజులు) కూడా తపస్కాలంలో ఐచ్ఛికమైపోతాయి. గురువు (ఫాదరు) తపస్కాలపు ఊదారంగు వస్త్రాల్లోనే పూజ చేస్తారు, ఆ రోజు పునీతుల పేరున ఒక ప్రార్థన మాత్రం చెబుతారు. మార్చి 19న జోజప్పగారి (యేసు పెంపుడు తండ్రి యోసేపు) పండుగ, మార్చి 25న మంగళవార్త పండుగ (యేసు పుడతాడని దేవదూత మరియమ్మగారికి చెప్పిన రోజు) మాత్రం మహోత్సవాలు, అంటే పెద్ద పండుగలు. తపస్కాలపు పూజల్లో ఆపేసిన మహిమ గీతం ఆ రెండు రోజులు మళ్లీ వినబడుతుంది. మిగిలిన రోజులన్నిటా ముందుండేది ఆ రోజు వాక్యమే, అంటే పూజలో చదివే బైబిలు భాగాలే. తపస్కాలపు పఠనాలు మొదటి పఠనానికీ సువిశేషానికీ (యేసు జీవితం చెప్పే భాగం) పొంతన కుదిరేలా ఏర్చి కూర్చినవి. వాటిని పక్కన పెట్టి చరిత్రలు చదువుతూ కూర్చుంటే ఈ కాలం మనకిచ్చే అసలు భోజనం వదిలేసినట్టే.

అందుకే నా క్రమంలో పునీతులు చివర వస్తారు.

లేవగానే సిలువ గుర్తు, ఆ తర్వాత సమర్పణ. ఈ రోజు నా పని, నా మాట, నా అలసట, నాకు కలిగే సంతోషం అన్నీ యేసు తిరుహృదయానికి అప్పగిస్తున్నానని చెప్పుకోవడం. పుస్తకంలో ఉన్న జపమే చెప్పాలని లేదు, సొంత మాటలు చాలు. ఈ ఉదయ సమర్పణ ఇంతగా వ్యాపించడం వెనక ఒక సంగతుంది, నాకది చాలా ఇష్టం. 1844లో ఫ్రాన్సులో వాల్స్ అనే చోట యేసు సభలో (జెస్యూట్ల మఠసంఘంలో) చదువుకుంటున్న యువకులకు మన దక్షిణాదిలోని మదురై మిషను కబుర్లు చేరాయి. అవి విన్నాక వాళ్లకు పుస్తకాల మీద మనసు నిలవలేదు, వెంటనే బయల్దేరి వచ్చేయాలన్న తొందర. అప్పుడు వాళ్ల ఆత్మీయ గురువు గోత్రెలే చెప్పింది ఏమిటంటే, మీ చదువును, మీ రోజువారీ చిన్న పనుల్ని ఆ మిషను కోసం పొద్దున్నే దేవునికి అర్పించండి, ఇక్కడ ఉంటూనే మీరు ప్రేషితులు (మిషనరీలు) అవుతారు అని. ఈ సమర్పణను అంతటా వ్యాపింపజేసిన ప్రార్థనా ప్రేషితోద్యమం అలా మొదలైంది. డ్యూటీకి టైమవుతుంటే ప్రార్థనకు తీరికెక్కడిదని అనిపించిన రోజు నేను ఆ కుర్రాళ్లను తలుచుకుంటాను.

తర్వాత ఒక కీర్తన. శుక్రవారం అయితే 51వ కీర్తన, మరో ఆలోచన లేదు. గురువులు, సిస్టర్లు చేసే ప్రాతఃకాల ప్రార్థనలో ఏడాది పొడుగునా శుక్రవారాలకు అదే వస్తుంది. నా హృదయాన్ని శుద్ధి చేయమని అడిగే ఆ కీర్తన తెల్లవారి చదివితే సాయంత్రం గుడిలో సిలువ మార్గానికి (యేసు సిలువ మోసిన దారిని ధ్యానించే ప్రార్థన) మనసు తయారై ఉంటుంది. మిగతా రోజుల్లో 63, 95, 130, ఏది తోస్తే అది. నెమ్మదిగా, పెదవులు కదిలేలా చదవండి. కళ్లతో చదివి పుట తిప్పేస్తే కీర్తన మనలోకి దిగదు.

ఆ వెంటనే జెకర్యా గీతం, లూకా 1వ అధ్యాయం 68 నుంచి 79 వరకు. తిరుసభ రోజూ ఉదయం పాడే గీతం ఇదే. దేవదూత మాట నమ్మక మూగవాడైన జెకర్యా, బిడ్డ పుట్టి యోహాను అని పేరు పెట్టిన రోజున నోరు తెరుచుకొని దేవుణ్ణి స్తుతించాడు. చీకటిలో కూర్చున్నవారి మీదికి పైనుంచి వెలుగు రావడం గురించీ, మన పాదాలు శాంతి మార్గంలో నడవడం గురించీ అందులో ఉంది. పన్నెండు వచనాలే. నోటికొచ్చేదాకా పుస్తకం చూసి చదవండి, ఒక్క తపస్కాలం చాలు, కంఠస్థమైపోతుంది. ఆ తర్వాత బస్సులోనైనా చెప్పుకోవచ్చు.

అక్కణ్ణుంచి ఆ రోజు సువిశేషం. ఒకసారి చదివి ఆగి, మళ్లీ చదవడం. నేను కాగితం బైబిలే వాడతాను. ఫోనులో అన్నీ దొరుకుతాయి నిజమే, కానీ డ్యూటీ గ్రూపులో మెసేజి మోగితే నా మనసు వార్డుకి వెళ్లిపోతుంది. పరలోక జపం చెప్పి, రెండు మూడు నిమిషాలు ఏమీ చదవకుండా ఊరికే కూర్చోండి. నాకు అన్నిటికంటే కష్టమైన భాగం ఇదే, నేను ఎప్పుడూ వదిలిపెట్టనిదీ ఇదే.

హాస్టల్లో ఏకాంతం ఎక్కడ అని మీకు అనిపిస్తుంది. విభూతి బుధవారం సువిశేషంలో ప్రభువు నీ గదిలోకి వెళ్లి తలుపు మూసుకొని ప్రార్థించమంటాడు కదా. మాకు చిన్నప్పుడు ఉన్నదే ఒక గది. అందులో ఆరుగురం. మా అమ్మ అందరికంటే ముందు లేచి, కొంగు తల మీదికి లాక్కొని గోడ వైపు తిరిగి కూర్చునేది. ఆ కొంగే ఆమె తలుపు. మీకు మేడ మీద ఒక మూల దొరుకుతుంది, లేదా మంచం మీదే గోడవైపు తిరిగి కూర్చోవచ్చు. పక్కవాళ్లు ఏమనుకుంటారో అన్న బెంగ పెట్టుకోకండి, వారం తిరిగేలోగా వాళ్లకు అలవాటైపోతుంది.

ఇక పునీతులు. తపస్కాలంలో పడే స్మరణలలో నేను కొందరిని ఎంచుకున్నాను. ఏటా వాళ్లే. మనుషులతో పరిచయం పెరిగినట్టే వాళ్లతోనూ ఏడాదికేడాది పెరుగుతుంది. విభూతి బుధవారం తేదీ మారుతుంటుంది కాబట్టి ఫిబ్రవరి 23న వచ్చే స్మిర్నా మేత్రాణి (బిషప్) పొలికార్పుగారు ఒక్కో ఏడు ఈ కాలంలో పడతారు, ఒక్కో ఏడు ముందే వెళ్లిపోతారు. మార్చి వాళ్లు దాదాపు ఎప్పుడూ దొరుకుతారు.

మార్చి 7న పెర్పెతువమ్మ, ఫెలిసితమ్మ. 203వ సంవత్సరం, ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజు నగరం. పెర్పెతువమ్మకు ఇరవై రెండేళ్లుంటాయి, చంటిబిడ్డ తల్లి, విశ్వాసం కోసం చెరపడింది. చెరసాలలో ఆమె స్వయంగా రాసుకున్న మాటలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. తండ్రి వచ్చి తన నెరసిన తల చూసైనా జాలిపడమని బతిమాలాడు. అంతకుముందే ఒకసారి ఆయన నచ్చజెప్పబోతే, ఆమె అక్కడున్న ఒక పాత్రను చూపించి, దీన్ని ఇంకో పేరుతో పిలవగలమా, నేనూ అంతే, క్రైస్తవురాలిని తప్ప మరొకటి అని చెప్పుకోలేను అంది. బిడ్డను తన దగ్గరే ఉంచుకోవడానికి అనుమతి దొరికాక ఆ చీకటి చెరసాల తనకు రాజభవనంలా అయిపోయిందని రాసింది. ఫెలిసితమ్మ బానిస. ఎనిమిదో నెల గర్భిణి. గర్భిణులకు మరణశిక్ష అమలు చేయకూడదన్నది అక్కడి చట్టం. తోటివాళ్లకు దూరమై తర్వాత ఒంటరిగా చావాల్సి వస్తుందని ఆమె బాధ. అందరూ కలిసి ప్రార్థించారు. చెరలోనే నెలలు నిండకుండా ఆడపిల్ల పుట్టింది. నొప్పులకు అరుస్తుంటే, ఇప్పుడే ఇలా ఉంటే మృగాల ముందు ఏం చేస్తావని ఒక కావలివాడు ఎగతాళి చేశాడు. ఇప్పుడు పడే బాధ నాది, అప్పుడు నాలో ఉండి నా కోసం బాధపడేవాడు మరొకడుంటాడు అని ఆమె జవాబు. ఆ బిడ్డను ఒక విశ్వాసురాలు తన కూతురిలా పెంచింది. యజమానురాలి వర్గంలో పుట్టినామె, బానిసగా పుట్టినామె పక్కపక్కన నిలబడి ప్రాణమిచ్చారు. పూజలో గురువు చెప్పే మొదటి కృతజ్ఞతా ప్రార్థనలో ఇద్దరి పేర్లూ ఈనాటికీ పలుకుతారు. ప్రసూతి వార్డులో పనిచేసిన దాన్ని, నొప్పులు పడే తల్లిని కసరడం ఎంత మామూలుగా జరిగిపోతుందో నాకు తెలుసు. ఆ వారమంతా లేబర్ రూములో అడుగుపెట్టిన ప్రతిసారీ ఫెలిసితమ్మ గుర్తొస్తుంది. గొంతు దానంతటదే మెత్తబడుతుంది.

ఆ మర్నాడే, మార్చి 8న, దేవుని యోహానుగారు. మా నర్సులకు పాలక పునీతుడు. పోర్చుగల్‌లో పుట్టి, గొర్రెలు కాచి, సైన్యంలో తిరిగి, చివరికి స్పెయిన్‌లోని గ్రనాడాలో పుస్తకాలు అమ్ముకునేవాడు. అవిలా యోహాను అనే గురువు ప్రసంగం విని పశ్చాత్తాపంతో వీధుల్లో ఏడుస్తూ తిరిగితే పిచ్చివాడనుకొని ఆసుపత్రిలో పెట్టారు. అక్కడ వైద్యమంటే కట్టేసి కొట్టడం. ఆ దెబ్బలు తిన్నాకనే, రోగులను మనుషుల్లా చూసే చోటు ఒకటి కట్టాలని ఆయనకు పట్టుదల కలిగింది. రోగులను వీపు మీద మోసుకొచ్చేవాడు. రాత్రిళ్లు వీధుల్లో అడుక్కుంటూ, అన్నలారా, మీకు మీరే మేలు చేసుకోండి అని కేక వేసేవాడట. దానం ఇచ్చేవాడికే మేలు జరుగుతుందన్న మాట అది, తపస్కాలపు దానధర్మం గురించి ఇంతకంటే బాగా చెప్పడం నాకు తెలియదు. 1550 మార్చి 8న కన్నుమూశాడు. ఆయన వారంలో నేను పట్టుకునే పని ఒకటే: పేషెంటును బెడ్ నంబరుతో కాకుండా పేరు పెట్టి పిలవడం. హడావుడి వార్డులో ఇది తేలికేం కాదు. ఐదో బెడ్డు అనే మాట నోటి చివరనే ఉంటుంది.

మార్చి 17న వచ్చే పాట్రిక్కుగారిని మాత్రం ఉదయం ప్రార్థన అలవాటు చేసుకునేవాళ్లు తప్పక తెలుసుకోవాలి. పదహారేళ్లప్పుడు దోపిడీగాళ్లు బ్రిటన్ నుంచి ఎత్తుకుపోయి ఐర్లండులో బానిసను చేశారు. మందలు కాస్తూ పగలు నూరుసార్లు, రాత్రి దాదాపు అన్నిసార్లు ప్రార్థించేవాణ్ణనీ, మంచులోనూ వానలోనూ తెల్లవారకముందే లేచేవాణ్ణనీ ఆయనే రాసుకున్నాడు. ఆ సమయాన ఆయన చేతిలో పుస్తకం లేదు, దగ్గర గుడి లేదు.

జోజప్పగారి గురించి ఎక్కువ చెప్పను. సువిశేషాల్లో ఆయన మాట ఒక్కటీ లేదు. కలలో చెప్పింది విని లేచాడు, చేశాడు. మార్చి 19న నేను ఆయన దగ్గర అడిగేది ఇంటి బాధ్యతలు మోసే ఓపిక.

మార్చి 24 ఆస్కార్ రొమేరోగారు. ఎల్ సాల్వడార్ రాజధానిలో అగ్రపీఠాధిపతి (ఆర్చిబిషప్). 1980లో తపస్కాలపు ఐదో ఆదివారం, సైనికులను ఉద్దేశించి మీ సొంత ప్రజలను చంపడం ఆపండి అని ప్రసంగంలో ఆజ్ఞాపించాడు. మర్నాడు సాయంత్రం, క్యాన్సర్ రోగుల ఆసుపత్రి ప్రార్థనాలయంలో పూజ చేస్తుండగా కాల్చి చంపారు. 2018లో పునీతుడిగా ప్రకటించారు. పునీతులంటే పాతకాలం వాళ్లేనని అనుకునే పిల్లలకు ముందుగా చెప్పాల్సింది ఈయన గురించే.

ధ్యానం అంటే పెద్దగా ఏమీ లేదు. చరిత్ర సోమవారం ఒకసారి పూర్తిగా చదువుతాను. మిగతా రోజుల్లో ఆ జీవితంలోని ఒకే ఒక్క ఘట్టం, ఉదాహరణకు పెర్పెతువమ్మ ఆ పాత్రను చూపించిన క్షణం, మనసులో పెట్టుకొని ఆ రోజు సువిశేషం పక్కన ఉంచి చూస్తాను. ఈ వాక్యాన్ని ఆమె ఎలా విని ఉంటుంది? ఈ రోజు నా డ్యూటీలో దానికి తగిన పని ఏముంది? ఆ పని చిన్నదై ఉండాలి, సాయంత్రానికి చేశానో లేదో తేలిపోవాలి. మంచిగా ఉంటాను అనే తీర్మానాలు ఎందుకూ పనికిరావు. మీది కస్టమర్లతో మాట్లాడే ఉద్యోగమైతే, కోపంగా ఉన్న మనిషి మాట పూర్తయ్యేదాకా మధ్యలో అడ్డురాకుండా వినడం ఒక వారానికి సరిపడా తపస్సు.

ఈస్టరుకు ముందు ఆదివారం, అంటే మ్రానికొమ్మల ఆదివారం నుంచి చరిత్రలన్నీ మూసేయండి. పవిత్ర వారంలో పునీతుల స్మరణలు ఉండవు. ఆ రోజుల్లో ప్రభువు శ్రమల చరిత్రను రోజుకింత చొప్పున చదవడమే నా ఉదయం ప్రార్థన. సిలువ మోయడానికి చెయ్యేసిన సీమోను, సిలువ కింద నిలబడ్డ మరియమ్మగారు, మగ్దలా మరియమ్మ, వీళ్లే ఆ వారపు పునీతులు. జోజప్పగారి పండుగ పవిత్ర వారంలో పడితే మ్రానికొమ్మల ముందు శనివారానికి జరుగుతుంది, మంగళవార్త పండుగ పాస్కా (ఈస్టరు) వారం దాటాక సోమవారానికి వెళుతుంది. గుడి కాలెండరు ఒకసారి చూసుకోండి.

నైట్ షిఫ్టు మాట. తెల్లవారి నాలుగింటికి వార్డులో కాస్త సద్దుమణిగినప్పుడు 130వ కీర్తన చెప్పుకుంటాను. కావలివాళ్లు ఉదయం కోసం చూసేదానికంటే ఎక్కువగా నా ప్రాణం ప్రభువు కోసం చూస్తోందని అందులో వస్తుంది. రాత్రంతా మేలుకొని పనిచేసేవాళ్లకు అది ఎలా తగులుతుందో మీకే తెలుస్తుంది. ఇంటికొచ్చి స్నానం చేశాక జెకర్యా గీతం, పరలోక జపం, అంతే, పడుకుంటాను. సమర్పణ, సువిశేషం, పునీతుల ధ్యానం మధ్యాహ్నం లేచాక. మీరు ఏ వేళకు లేస్తే అదే మీ ఉదయం. ఒక రోజు తప్పిపోతే మర్నాడు రెండింతలు చేసి సరిపెట్టాలని చూడకండి, ఆ రోజుది ఆ రోజుకే చేయండి. ఉపవాసం ఉన్న రోజున నైట్ డ్యూటీ పడితే మాత్రం మంచినీళ్ల సీసా దగ్గర పెట్టుకోండి.